ఉమ్మడి అక్వేరియంలో మేత: కడబంతి చేపకు అందుతోందా?

అక్వేరియంలో చేపలు చనిపోతున్నాయని సలహా కోసం వచ్చేవారు సాధారణంగా రెండే ప్రశ్నలు అడుగుతారు. ఇది ఏ జబ్బు? దీనికి ఏ మందు వేయాలి? మనం కూడా రెక్కల చివరలు, పొలుసుల మీది మచ్చలు, మొప్పల రంగు గురించి విచారించి, ఒక మందు పేరు, ఒక మోతాదు చెప్పి పంపిస్తాము. మేత సంగతి అడిగితే "బాగానే వేస్తున్నామండీ" అనే జవాబు వస్తుంది. ఆ జవాబుతో మనం తృప్తి పడతాము. పొరపాటు అక్కడే మొదలవుతోందని నా అభిప్రాయం. బాగా వేస్తున్నది తొట్టెకు. ఆకలి మాత్రం తొట్టెకు ఉండదు, అందులోని ఒక్కొక్క చేపకు ఉంటుంది.

పలు జాతుల రంగు చేపలను కలిపి పెంచే ఉమ్మడి అక్వేరియంలో, ఒకే రోజున, ఒకే నీటిలో, మేత ఎక్కువ కావడమూ తక్కువ కావడమూ రెండూ జరుగుతాయి. చురుకైన చేపలు అవసరానికి మించి తింటాయి. వాటికీ ఎక్కువైనది గులకరాళ్ల మధ్యకు జారి కుళ్లిపోతుంది. నెమ్మదిగా తినే చేప, అడుగున తిరిగే చేప, పగటిపూట దాక్కునే చేప చిక్కిపోతాయి. నీరు పాడైనప్పుడు ముందుగా లొంగిపోయేది కూడా ఆ చిక్కిపోయిన చేపే. మన కంటికి కనిపించేది రెక్క కుళ్లో, బూజో కావచ్చు. దాని వెనుక చాలాసార్లు వడ్డనలోని లోపం ఉంటుంది.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని మన సామెత. దానిని పక్షపాతాన్ని ఎత్తిపొడవడానికే వాడుతుంటాము గానీ, అందులో వడ్డన ధర్మం కూడా ఉంది. బంతి భోజనంలో మొదటి విస్తరి దగ్గర కుమ్మరించి వెనుదిరిగేవాడిని ఎవరూ మెచ్చుకోరు. చివరి విస్తరి వరకు వెళ్లి చూసేవాడే వడ్డించడం తెలిసినవాడు. అక్వేరియం ముందు మేత డబ్బా పట్టుకుని నిలబడిన మనిషి చూపు కడబంతి వరకు వెళ్తోందా, వెళ్లేలా మనం అతనికి నేర్పుతున్నామా అన్నది ఈ వ్యాసంలో చర్చించదలచిన విషయం.

చెరువు లెక్క తొట్టెకు సరిపోదు

మన మత్స్య విద్యలో మేత పాఠం చెరువుతో మొదలవుతుంది. ఈ ప్రాంతానికి అది సహజమే. బొచ్చె నీటి పైభాగంలోను, శీలావతి మధ్య భాగంలోను, ఎర్రమోసు అడుగున తింటాయి కనుక మూడింటినీ కలిపి పెంచవచ్చని మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా తెలుసు. చెరువులోని చేపల మొత్తం బరువును అంచనా వేసి, దానిలో ఇంత శాతం చొప్పున రోజువారీ మేత లెక్కగట్టడం కూడా అప్పుడే నేర్చుకుంటాడు. ఆ విద్యార్థి తరువాత విస్తరణ అధికారి అయి, రంగు చేపల పెంపకందారుకు సలహా ఇవ్వవలసి వచ్చినప్పుడు అదే లెక్కను చిన్నదిగా చేసి చెబుతాడు. కాని చెరువుకూ తొట్టెకూ తేడా పరిమాణంలో మాత్రమే లేదు.

మొదటి తేడా సహజ ఆహారం. చెరువులో వృక్ష ప్లవకాలు, జంతు ప్లవకాలు, అడుగు బురదలోని జీవులు, కుళ్లిన సేంద్రియ పదార్థం ఉంటాయి. పై మేత అందని చేపకు కూడా ఏదో ఒక ఆధారం దొరుకుతుంది. శుభ్రంగా కడిగిన గులకరాళ్లు, ప్లాస్టిక్ మొక్కలు ఉన్న తొట్టెలో అటువంటి ఆధారం దాదాపుగా లేదు. మనిషి చేయి విదిల్చినదే ఆహారం. అది అందకపోతే పస్తే.

రెండవ తేడా సగటు. చెరువు రైతుకు పట్టుబడి నాటి మొత్తం బరువు, సగటు బరువు ముఖ్యం. వేల చేపల్లో కొన్ని గిడసబారినా లెక్క తప్పదు. పది చేపలున్న తొట్టెలో సగటుకు అర్థం లేదు. ఎనిమిది బలిసి, రెండు ఎండిపోతే సగటు బాగానే ఉంటుంది. ఆ రెండు చేపలను మాత్రం ఇంట్లో పిల్లలు ఒక ఉదయం తేలుతుండగా చూస్తారు.

మూడవ తేడా లక్ష్యం. చెరువులో మేతను మాంసంగా మార్చడమే ఉద్దేశం కనుక మేత మార్పిడి నిష్పత్తితో విజయాన్ని కొలుస్తాము. తొట్టెలో చేప త్వరగా పెరగవలసిన అవసరం లేదు. అది ఆరోగ్యంగా, రంగు తగ్గకుండా, తన ఆయుష్షు ఉన్నంతకాలం జీవించాలి.

అయినా చెరువు నుంచి నేర్చుకోవలసినది ఒకటి ఉంది. కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు రంధ్రాలు చేసిన సంచుల్లో తవుడు, చెక్క నింపి చెరువు పొడవునా వరుసగా కట్టే పద్ధతిని మనమందరం చూసినవారమే. దానివల్ల వృథా తగ్గుతుందని చెబుతుంటాము. మేత ఒకేచోట కుప్పపడకుండా పలుచోట్ల దొరకడం వల్ల ఎక్కువ చేపలకు తినే అవకాశం రావడం అందులోని మరొక సుగుణం. ఆ రైతు ఎంత వేయాలన్న దానితోపాటు ఎక్కడెక్కడ అందాలన్నది కూడా ఆలోచించాడు. అక్వేరియం సలహాలో మనం వదిలేస్తున్నది ఆ రెండవ ఆలోచననే.

"ఐదు నిమిషాల్లో తిన్నంత" అన్న నియమం

అక్వేరియం మేత గురించి కరపత్రాల్లో, దుకాణాల్లో, శిక్షణ తరగతుల్లో వినిపించే సూత్రం ఒకటే. రోజుకు రెండుసార్లు, రెండు నుంచి ఐదు నిమిషాల్లో తినగలిగినంత మేత వేయాలి. ఈ నియమం చెడ్డదని నేను అనను. ఒకే జాతి, ఒకే పరిమాణం ఉన్న చేపల తొట్టెలో అది బాగా పనిచేస్తుంది. కాని అది కొలిచేది మిగిలిన మేతను మాత్రమే. తిన్నవారెవరో, తిననివారెవరో దానికి తెలియదు.

ఆరు టైగర్ బార్బ్‌లు, రెండు ఏంజెల్ చేపలు, నాలుగు కోరిడోరాస్‌లు ఉన్న తొట్టెను ఊహించండి. రేకుల మేత నీటిపై పడగానే బార్బ్‌లు దూసుకువస్తాయి. ఏంజెల్ నెమ్మదిగా, ఒక్కొక్క ముక్కను చూసుకుంటూ వచ్చేసరికి పైభాగం ఖాళీ అవుతుంది. అడుగున తడుముకుంటూ తినే కోరిడోరాస్ వరకు ఏమీ దిగదు. ఐదు నిమిషాలు గడిచేసరికి నీటిలో మేత కనిపించదు. నియమం ప్రకారం ఇది ఆదర్శమైన వడ్డన. వాస్తవంలో ఆరు చేపలు విందు చేసుకున్నాయి, ఆరు పస్తున్నాయి.

నీరు పాడవుతోందన్న ఫిర్యాదు వచ్చినప్పుడు మనం చెప్పే తరువాతి మాట "మేత తగ్గించండి" అని. ఇక్కడొక చిక్కు ఉంది. మేతను సగానికి తగ్గిస్తే ప్రతి చేపకూ సగం తగ్గదు. ముందుగా వచ్చే చేపలు తమ వంతు ఎప్పటిలాగే తింటాయి. తెగిపోయేది చివరి చేపల వంతే. పంపిణీ సరిచేయకుండా పరిమాణం తగ్గించమనడం కడబంతిని ఎత్తివేయడంతో సమానం. అలాగని చివరి చేపకు చేరేవరకు పైనుంచి ఎక్కువగా వేస్తే బార్బ్‌ల పొట్టలు, అడుగున చెత్త రెండూ పెరుగుతాయి. కాబట్టి ఎంత అన్న ప్రశ్నకు ముందు ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు అన్న ప్రశ్నలు రావాలి.

నోరు, పేగు, వేళ

ఈ మూడు ప్రశ్నలకు జవాబు చేప శరీరంలోనే ఉంది. గప్పీ, మాలీ వంటి వాటి నోరు పైకి తిరిగి ఉంటుంది. అవి నీటి ఉపరితలం నుంచి తినడానికి ఏర్పడినవి. టెట్రాలు, బార్బ్‌లు, ఏంజెల్ ముందుకు తెరుచుకునే నోటితో మధ్య నీటిలో పడుతున్న మేతను అందుకుంటాయి. కోరిడోరాస్‌కు, సక్కర్ చేపకు నోరు కిందివైపు ఉంటుంది. తేలుతున్న రేకును సక్కర్ చేపకు పెట్టడం కొంగకు పళ్లెంలో పాయసం పెట్టడం వంటిది.

తరువాతది జీర్ణవ్యవస్థ. గోల్డ్ ఫిష్, బార్బ్, డానియో మొదలైనవి మన శీలావతి కుటుంబానికి చెందినవి. వీటికి నిజమైన జీర్ణాశయం లేదు. ఒకేసారి ఎక్కువగా నింపుకుని నిలవ ఉంచుకునే వీలు తక్కువ కనుక కొద్దికొద్దిగా పలుమార్లు ఇవ్వడం మేలు. ఆస్కార్, ఏంజెల్ వంటి సిక్లిడ్ కుటుంబపు చేపలకు జీర్ణాశయం ఉంటుంది. అవి మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న మేతను కోరుతాయి. మాలీలకు ఆకు సంబంధమైన ఆహారం, నాచు, స్పైరులినా కలిసిన మేత అవసరం. సక్కర్ చేపకు పొడవైన, చుట్టలు చుట్టుకున్న పేగు ఉంటుంది. అది గీకుతూ, మెల్లగా, ఎక్కువ సేపు తినే జీవి. వీటన్నింటికీ ఒకే డబ్బా మేత సరిపోతుందనుకోవడం మన సౌకర్యం కోసం చేసుకున్న ఊహ.

మూడవది వేళ. సక్కర్ చేపతోపాటు అడుగు చేపల్లో చాలావరకు మునిమాపు వేళ, రాత్రివేళ చురుకుగా తిరుగుతాయి. మనం వేసేది ఉదయం కార్యాలయానికి వెళ్లేముందు, సాయంత్రం దీపం వెలుగుతుండగా. ఆ వేళల్లో అవి చెక్క కిందో, ఫిల్టరు వెనుకో ఉంటాయి. వాటికి వేరే వడ్డన అక్కరలేదని, అవి తొట్టెలోని మురికిని తిని బతుకుతాయని దుకాణాల్లో చెప్పే మాట బాగా పాతుకుపోయింది. సక్కర్ చేప నాచును గీకుతుంది, అది నిజమే. చేపల విసర్జితాలు దాని ఆహారం కావు. నాచు లేని తొట్టెలో దానికి ప్రత్యేకంగా మేత వేయకపోతే పొట్ట లోపలికి పోయి నెలల తరబడి చిక్కిపోతుంది. బాగా మేపితే కొన్ని జాతులు అడుగుకు మించి పెరుగుతాయి. అప్పుడు తొట్టె చాలక దానిని తీసుకువెళ్లి కాలువలోనో చెరువులోనో వదిలేవారు ఉన్నారు. మన జలవనరుల్లో దెయ్యం చేప పేరుతో రైతుల వలలను చింపుతున్నది ఈ కుటుంబపు చేపే. అమ్మేటప్పుడు దాని ఆహారం, దాని ఎదుగుదల గురించి నిజం చెప్పి ఉంటే ఆ కొనుగోళ్లలో కొన్నైనా జరిగేవి కావు.

మిగిలిన మేత ఎక్కడికి పోతుంది?

మేత వృథాను డబ్బు నష్టంగానే చూస్తే అక్వేరియం యజమానికి అది పెద్ద విషయంగా అనిపించదు. నీటి భాషలో చెప్పాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టెలో గులకరాళ్లు, పైన వదిలిన ఖాళీ పోను సుమారు 50 లీటర్ల నీరు ఉంటుందనుకుందాము. అందులో ఒక్కొక్కటి 2 గ్రాముల బరువున్న పది చేపలు ఉంటే మొత్తం బరువు 20 గ్రాములు. రోజుకు శరీర బరువులో 2 శాతం లెక్కన కావలసిన మేత 0.4 గ్రాము మాత్రమే. ఇంట్లో ముగ్గురు తలా ఒక అర గ్రాము వేస్తే 1.5 గ్రాములు పడుతుంది. అంటే 1.1 గ్రాములు ఎక్కువ.

ఆ మేతలో మాంసకృత్తులు 40 శాతం ఉంటే, మిగిలిన 1.1 గ్రాములలో 440 మిల్లీగ్రాముల మాంసకృత్తులు, వాటిలో సుమారు 70 మిల్లీగ్రాముల నత్రజని ఉంటాయి. అదంతా కుళ్లి అమ్మోనియాగా మారితే, వడపోత లేని తొట్టెలో లీటరుకు దాదాపు 1.4 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని ఒక్క రోజు అదనపు మేత నుంచే చేరుతుంది. తిన్న మేత నుంచి మొప్పల ద్వారా చేపలు విసర్జించే అమ్మోనియా దీనికి అదనం.

ఈ మొత్తంలో విషపూరితమైన రూపం ఎంత అన్నది నీటి ఉదజని సూచిక, ఉష్ణోగ్రతల మీద ఆధారపడుతుంది. నీటి వేడి 28 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉదజని సూచిక 7 ఉంటే అది ఒక శాతం కంటే తక్కువ. ఉదజని సూచిక 8 ఉంటే సుమారు ఆరున్నర శాతం. అంటే పైన చెప్పిన మేతతో లీటరుకు 0.09 మిల్లీగ్రాము వరకు వస్తుంది. లీటరుకు 0.05 మిల్లీగ్రాము దాటితేనే మొప్పలు దెబ్బతింటాయని సాధారణంగా చెబుతాము. మన ప్రాంతంలో చాలాచోట్ల బోరు నీరు కఠినంగా, క్షార స్వభావంతో ఉంటుంది. అదే మేత, అదే తొట్టె, అవే చేపలు ఒక ఇంట్లో బతికి పక్క వీధిలో చనిపోవడానికి ఇది ఒక కారణం. ఫిల్టరులోని మేలు చేసే సూక్ష్మజీవులు స్థిరపడిన పాత తొట్టె ఈ భారాన్ని కొంతవరకు మోస్తుంది. కొత్త తొట్టెలో అవి స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపలను కొన్న సంబరంతో అందరూ ఎక్కువగా మేత వేసేది సరిగ్గా ఆ వారాల్లోనే.

వడ్డించే చేతులు ఎన్ని?

ఉమ్మడి అక్వేరియంలో ఉమ్మడి అన్నది చేపలకే పరిమితం కాదు. దానిని చూసుకునే బాధ్యత కూడా ఉమ్మడిదే. ఉమ్మడి బాధ్యత ఎలా నడుస్తుందో నా అనుభవం ఒకటి చెబుతాను. గతంలో నేను పనిచేసిన ఒక కార్యాలయంలో, సందర్శకులు కూర్చునే గదిలో నాలుగు అడుగుల తొట్టె ఉండేది. అందులో చేపలు తరచుగా చనిపోయేవి. మత్స్య విభాగంలో పనిచేసేవాడినని సలహా నన్నే అడిగేవారు. మూడుసార్లు మందులు మార్పించాను. ఫలితం లేదు. ఒకనాడు ఒక సమావేశం ఆలస్యమై ఆ గదిలోనే చాలాసేపు కూర్చోవలసి వచ్చింది. ఉదయం సహాయకుడు వేసి వెళ్లాడు. తేనీరు తెచ్చిన కుర్రవాడు బిస్కెట్టు నలిపి వేశాడు. ఒక సందర్శకుడి కూతురు డబ్బా అందుకుని రెండు చిటికెలు విదిల్చింది. సాయంత్రం కాపలాదారు తన వంతు వేశాడు. చేపలు ప్రతిసారీ అద్దం దగ్గరకు ఎగబడి వచ్చాయి. అవి ఆకలితో ఉన్నాయనే ప్రతి ఒక్కరూ అనుకున్నారు. అంతకు ముందు రోజు అటుగా వెళ్తూ నేను కూడా ఒక చిటికెడు వేశానన్న సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. అంతమంది పెడుతున్న ఆ తొట్టెలో, చెక్క వెనుక ఉన్న రెండు ఏంజెల్ చేపల వెన్ను కత్తిలా సన్నబడి ఉంది.

మరునాటి నుంచి మేత బాధ్యతను ఒక్కరికే అప్పగించాము. నీటిని కూడా క్రమంగా మార్పించాము కనుక తరువాత కనిపించిన మెరుగుదల అంతా మేతదేనని చెప్పను. ఆ రెండు ఏంజెల్ చేపల్లో ఒకటి కోలుకోలేదు. మూడు మందులు రాసిన నేను, ఎవరు మేత వేస్తున్నారు అని ఒక్కసారి కూడా అడగలేదన్నది మాత్రం నిజం.

మేత వేయడంలో ఆనందం ఉంది. కోనేటి మెట్ల మీద కూర్చుని చేపలకు మరమరాలు వేయడం మనకు చిన్ననాటి నుంచి అలవాటు. ఆ చేయిని తప్పుపట్టలేము. కాని అద్దం దగ్గరకు వచ్చిన చేప ఆకలితోనే వచ్చిందనుకోవడం సరికాదు. మనిషి నీడ పడితే మేత పడుతుందని అది నేర్చుకుంది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడిగే చేపలకే మళ్లీ మళ్లీ పెడుతున్నాము. నిజంగా ఆకలితో ఉన్నది అడగడానికి కూడా ముందుకు రాలేక వెనుకే ఉండిపోతుంది. సంక్రాంతికి ఊరు వెళ్తూ నాలుగు రోజుల మేత ఒకేసారి కుమ్మరించి వెళ్లడం కూడా ఈ ప్రేమలోని భాగమే. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు నాలుగైదు రోజుల పస్తును తట్టుకుంటాయి. ఆ కుప్ప కుళ్లిన నీటిని తట్టుకోలేవు. పిల్ల చేపల విషయం మాత్రం వేరు. వాటికి రోజూ పలుమార్లు మేత అందాలి.

ఆచరణలో చేయదగినవి

సిఫారసులు కొద్దిగా, గుర్తుండేలా ఉండాలి. నా దృష్టిలో ఇవి ముఖ్యమైనవి.

ఒకటి, రోజు మేతను ఉదయమే కొలిచి ఒక చిన్న డబ్బీలో వేసి తొట్టె పక్కన పెట్టాలి. ఇంట్లో ఎవరు వేసినా అందులో నుంచే వేయాలి. అది ఖాళీ అయితే ఆ రోజుకు వడ్డన ముగిసినట్లే. పిల్లల ఆనందం పోదు, చేపల నీరూ పాడవదు.

రెండు, వడ్డనను రెండు భాగాలు చేయాలి. ముందుగా తొట్టెకు ఒక చివర తేలే మేత వేసి చురుకైన చేపలను అక్కడికి రప్పించాలి. అవి తింటుండగా రెండవ చివర మునిగే గుళికలు వదలాలి. రెండుచోట్లా ఒకేసారి మేత ఉంటే ఒక బలమైన చేప రెండింటినీ కాపలా కాయలేదు.

మూడు, అడుగు చేపలకు దీపం ఆర్పిన తరువాత మేత వేయాలి. సక్కర్ చేపకు వారంలో రెండు మూడు రోజులు కీరదోస ముక్క గాని, ఉడికించిన పాలకూర గాని బరువు కట్టి అడుగున ఉంచి, మిగిలినది మరునాటి ఉదయం తీసివేయాలి.

నాలుగు, మేత వేసే పది నిమిషాలు ఫిల్టరు ప్రవాహాన్ని ఆపితే రేకులు కొట్టుకుపోవు. తిరిగి వేయడం మరచిపోకూడదు. గాలి అందక ఫిల్టరులోని సూక్ష్మజీవులు చనిపోతే కొత్త సమస్య మొదలవుతుంది.

ఐదు, మేతను చిన్న పొట్లాల్లో కొని, తేమ తగలకుండా నిలవ ఉంచాలి. మన వేడికి, తేమకు తెరిచిన డబ్బాలో సి విటమిన్ త్వరగా తగ్గిపోతుంది. చేపలు దానిని తమంతట తాము తయారు చేసుకోలేవు. ఆ లోపంతో వెన్నెముక వంకర తిరుగుతుంది. బూజు వాసన వచ్చిన మేతను పారవేయాలి. మురుగు కాలువల నుంచి పట్టిన ట్యుబిఫెక్స్ పురుగులతో వ్యాధి కారకాలు కూడా తొట్టెలోకి వస్తాయి కనుక వాటికి దూరంగా ఉండడం మంచిది.

ఆరు, వారానికి ఒకసారి ప్రతి చేపనూ విడిగా చూడాలి. పొట్ట లోపలికి పోవడం, శరీరానికి తల పెద్దదిగా కనిపించడం, వెన్ను సన్నబడడం ఆకలికి గుర్తులు. రొయ్యల రైతు మేత వేసిన తరువాత చెక్ ట్రే పైకి లాగి చూసి మరుసటి పూట మేతను నిర్ణయించుకుంటాడు. నాలుగు వైపులా అద్దమే ఉన్నచోట ట్రే కూడా అవసరం లేదు. ఆ రైతుకున్న చూసే అలవాటు ఉంటే చాలు.

కొన్ని అభ్యంతరాలు

అసలు జాతులను కలపకపోవడమే ఉత్తమం కదా అని కొందరు నిపుణులు అంటారు. పొసగని జాతులను కలపకూడదన్నది నేనూ అంగీకరిస్తాను. పెద్ద ఏంజెల్ చేపలున్న తొట్టెలో నియాన్ టెట్రాలను వేయడం మేత వేయడమే అవుతుంది. కాని ఒకే జాతి ఉన్నా సమస్య తీరదు. చురుకైన కామెట్ గోల్డ్ ఫిష్‌తో బరువైన ఒరండా పోటీ పడలేదు. రెండూ ఒకే జాతి. ఒకే ఈనిన గప్పీ పిల్లల్లో కూడా ముందుగా పెరిగినది మిగిలినవాటిని నెట్టివేస్తుంది.

ఇది కలిగినవారి సరదా, విశ్వవిద్యాలయం ఇంత శ్రద్ధ పెట్టాలా అన్నది మరొక అభ్యంతరం. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో అలంకరణ చేపల పెంపకానికి సహాయం ఉంది. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి యూనిట్ వ్యయంలో 60 శాతం వరకు, ఇతరులకు 40 శాతం వరకు రాయితీ లభిస్తుంది. ఆ సహాయంతో పెరట్లో యూనిట్ పెట్టుకున్న మహిళ చేపలను ఒకసారి అమ్మితే సరిపోదు. కొన్నవారు మళ్లీ రావాలి. కొన్న నెలలో చేపలు చనిపోయిన ఇంట్లో ఖాళీ తొట్టె అటక ఎక్కుతుంది. ఆ కుటుంబం తిరిగి కొనదు. చేప పిల్లల ఉత్పత్తికి మనం ఇస్తున్న శిక్షణలో పదో వంతు సమయాన్ని కొనుగోలుదారుకు నేర్పవలసిన మేత పాఠానికి కేటాయించినా ఆ మహిళ మార్కెట్టు నిలబడుతుంది.

ఇంత గమనించే తీరిక ఎవరికుందన్నది మూడవ మాట. తీరిక లేనివారికి మేత విషయంలో కష్టమైన చేపలను సిఫారసు చేయకపోవడమే మన పని. ఒకేరకంగా తినే నాలుగు డానియోలు ఉన్న తొట్టె, ఆరు రకాలు ఉన్న తొట్టెకంటే పేదది కాదు.

మనం మార్చుకోవలసినవి

విస్తరణ శాస్త్రవేత్తలకు, అధ్యాపకులకు మూడు సూచనలు చేస్తున్నాను. మన కరపత్రాల్లో ఉన్న ఐదు నిమిషాల నియమం కింద మరొక వాక్యం చేర్చాలి: "చివరగా తినే చేప తిన్నదో లేదో చూసిన తరువాతే మేత సరిపోయిందని నిర్ణయించండి." యూనిట్ల నుంచి అమ్మే ప్రతి చేపతోపాటు దాని నోరు ఎటువైపు, ఏ వేళ తింటుంది, ఎంత పెరుగుతుంది అన్న వివరాలతో అరచేతి పరిమాణంలో ఒక చీటీ ఇవ్వాలి. దానికి ఖర్చు స్వల్పం.

విద్యార్థుల విషయంలో నా కోరిక ఇంకా చిన్నది. కళాశాల తొట్టె ముందు ప్రతి విద్యార్థిని పది నిమిషాలు కూర్చోబెట్టి, అతనికి ఒకే ఒక చేపను కేటాయించి, మేత వేసినప్పటి నుంచి అది ఎన్నిసార్లు నోరు పెట్టిందో లెక్కించమనాలి. తరగతి మొత్తం లెక్కలను ఒక పట్టికలో వేస్తే, ఎవరికి ఎంత అందుతోందో కళ్లకు కడుతుంది. పరికరాలు అక్కరలేదు, నిధులు అక్కరలేదు. శరీర బరువులో శాతాన్ని లెక్కగట్టడం వచ్చిన విద్యార్థికి సున్నాసార్లు నోరు పెట్టిన చేపను చూడడం కూడా రావాలి. ఆ పట్టిక చూసినవాడు రేపు చెరువు గట్టు మీద, కోళ్ల షెడ్డులో, గొర్రెల దొడ్డిలో కూడా మేత తొట్టి దగ్గరకు రాలేని జీవి ఏదని వెతుకుతాడు.

ఇకపై చేపలు చనిపోతున్నాయని ఫోను వచ్చినప్పుడు మందు పేరు చెప్పడానికి ముందు మరొక ప్రశ్న అడుగుదాము. మేత వేసినప్పుడు అన్నింటికంటే చివరగా వచ్చే చేప ఏది, నిన్న అది తినడం మీరు చూశారా? చాలామంది దగ్గర దీనికి వెంటనే జవాబు ఉండదు. ఫోను పెట్టేసి తొట్టె దగ్గరకు వెళ్లి చూస్తారు. సగం వైద్యం అక్కడే మొదలవుతుంది.